గోత్రము లేని కర్త

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక దీపావళి సాయంకాలమున, మా ఆలయమునకు తరచుగా వచ్చు గృహస్థుడొకరు తమ సంస్థ కార్యాలయములో లక్ష్మీపూజ చేయించుటకు నన్ను పిలిచిరి. సంకల్పము చెప్పబోవుచు గోత్రనామములు అడిగితిని. "అయ్యగారూ, నా పేర వద్దండి, కంపెనీ పేరనే చేయించండి. ఖర్చు కూడ కంపెనీదే గదా!" అని వారనిరి. అట్లయిన కంపెనీకి గోత్రమేమని అడిగితిని. అక్కడున్నవారందరు నవ్విరి. ఆడిటరుగారు "రిజిస్ట్రేషను నంబరు చెప్పవచ్చునా అయ్యగారూ?" అని చమత్కరించిరి. నేనును నవ్వితిని గాని, పరిహాసమునకు అడిగిన ప్రశ్న కాదది. గోత్రము తెలియనివారికి కాశ్యప గోత్రము చెప్పు సంప్రదాయము కలదు. అది తన గోత్రమెరుగని మనుష్యుని కొరకు ఏర్పడినది, అసలు జన్మయే లేని పదార్థము కొరకు కాదు. సంకల్పమనగా ఈ కర్మకు కర్తను నేను, దీని ఫలమునకు భోక్తను నేను అని అగ్నిదేవతా సాక్షిగా ఒప్పుకొనుట. చేయి తడిపి ఉదకము విడుచువాడొకడు ఉండవలెను గదా. కడకు డైరెక్టర్లు మువ్వురి గోత్రనామములతో సంకల్పము చేయించి పూజ జరిపితిని.

న్యాయశాస్త్రము చదివినవారు ఇక్కడ నన్ను పట్టుకొనగలరు. మనుష్యుడు కానివానిని వ్యక్తిగా ఎంచుట మీ గర్భాలయములోనే జరుగుచున్నది గదా అని. వాస్తవమే. నేను నిత్యము అభిషేకము చేయు స్వామి పేరనే పట్టాదారు పాసు పుస్తకమున్నది. కౌలు పత్రములో భూస్వామి ఆయనయే. 1925లో కలకత్తా మల్లిక్ కుటుంబపు వివాదమున ప్రీవీ కౌన్సిలు విగ్రహమును న్యాయసమ్మతమైన వ్యక్తిగా అంగీకరించి, ఆ వ్యక్తి పక్షమున మాటాడుటకు స్వార్థము లేని ప్రతినిధి ఉండవలెనని చెప్పినది. 2019 నవంబరులో అయోధ్య తీర్పు కూడ రామ్‌లలా విరాజమాన్ అను దేవతావ్యక్తి పక్షముననే వచ్చినది. మన న్యాయస్థానముల దృష్టిలో దేవుడు ఎన్నటికిని మైనరు. ఆయన ఆస్తిని ఇతరులు సంరక్షింపవలసినదే.

ఐతే ఈ రెండు కల్పిత వ్యక్తిత్వముల గతులు పరస్పర విరుద్ధములు. స్వామి ఆస్తిలో ధర్మకర్తకు గాని, కార్యనిర్వహణాధికారికి గాని, నాకు గాని వాటా లేదు. లాభము ఆయనది, లోపము మాది. దీపారాధన తప్పినచో దోషము అర్చకునిది. భూమి అన్యాక్రాంతమైనచో జవాబు చెప్పవలసినది అధికారి. దేవుని మాన్యములు ఆచరణలో ఎట్లు హరించిపోవుచున్నవో నేనెరుగనిది కాదు, అది వేరొక వ్యాసమునకు సరిపడు విషయము. కాని ఆ కల్పన యొక్క ఉద్దేశము నోరులేని యజమానిని నోరున్న సేవకుల నుండి కాపాడుట. కంపెనీ అను కల్పనలో లాభము వాటాదారులకు చేరును, దోషము మాత్రము ఆ గోత్రము లేని వ్యక్తి వద్దనే నిలిచిపోవును. ఇంగ్లండులో 1855 నాటి చట్టము వాటాదారుని బాధ్యతను అతడు పెట్టిన పెట్టుబడికే పరిమితము చేసినది. 1896లో సాలమన్ అను చెప్పుల వ్యాపారి వ్యాజ్యమున అక్కడి ప్రభువుల సభ, సాలమన్ వేరు, దాదాపు వాటాలన్నియు సాలమనువే యైన కంపెనీ వేరు అని తేల్చినది. ఈ ఏర్పాటు లేకున్న సామాన్యుల చిన్న మొత్తములు కూడి రైలుమార్గములు, కర్మాగారములు లేచియుండెడివి కావని ఆర్థికవేత్తలందురు. దానిని నేను కాదనను. నా ఆక్షేపణ వేరు.

మన దర్శనములలో ఒక సిద్ధాంతము నిలుచునా నిలువదా అని పరీక్షించుటకు రెండు దోషములను చూపుదురు. కృతనాశము, అకృతాభ్యాగమము. చేసిన కర్మ ఫలమీయకయే నశించుట మొదటిది. చేయని కర్మకు ఫలము వచ్చి మీదపడుట రెండవది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి సంభవించినను ఆ సిద్ధాంతము త్యాజ్యము. క్షణికవాదమును ఖండించునపుడు పూర్వులు ముఖ్యముగా ప్రయోగించినది ఈ ఆయుధమునే. కర్త క్షణక్షణము మారిపోవుచున్నచో ఫలము ఎవరికి? మా గురువుగారు పాఠము చెప్పునపుడు ఇచ్చిన ఉదాహరణ నాకిప్పటికిని జ్ఞాపకమున్నది. "అప్పు తీసికొన్నవాడు నిన్ననే పోయినాడురా, ఇప్పుడున్నవాడను నేను వేరు, అని షావుకారుతో చెప్పి చూడు!" బౌద్ధులు దీనికి సమాధానముగా సంతానము, అనగా తెగని ప్రవాహము, ఒకటి ఉన్నదనియు, దానిలోనే ఫలము చేరుననియు చెప్పిరి. ఆ సమాధానము చాలునా చాలదా అన్నది వివాదాంశము. కాని ఫలము ఎక్కడో ఒకచోట చేరితీరవలెనని వారును ఒప్పుకొనిరి. ఆ మాత్రపు సిద్ధాంతమును గూడ ఒప్పుకొనని క్షణికవాదులను చూడవలెనన్న భోపాలు చరిత్ర చదువవలెను.

1984 డిసెంబరు 2వ తేది అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ వారి పురుగుమందుల కర్మాగారము నుండి మిథైల్ ఐసోసయనేట్ అను విషవాయువు వెలువడినది. పరిహారపు లెక్కలలోనే మరణములు అయిదు వేలకు పైబడినవి. శాశ్వతముగా రోగగ్రస్తులైనవారు లక్షలలో ఉన్నారు. ఆ కర్మాగారపు భారతీయ కంపెనీలో సగానికి పైగా, 50.9 శాతము, వాటా అమెరికా కార్బైడు సంస్థది. బాధితుల పక్షమున వ్యాజ్యమాడు అధికారమును 1985 చట్టముతో కేంద్రప్రభుత్వమే స్వీకరించి న్యూయార్కు న్యాయస్థానమునకు వెళ్లినది. ఇది భారతదేశములో జరిగినది, అక్కడనే తేల్చుకొనుడని 1986లో ఆ న్యాయస్థానము వ్యాజ్యమును త్రిప్పి పంపినది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. 1994లో అమెరికా సంస్థ తన భారతీయ వాటాను అమ్మివేసినది. ఆ భారతీయ కంపెనీ పేరు మారినది. 2001లో అమెరికా కార్బైడునే డౌ కంపెనీ కొనివేసినది. ఆస్తులు కొన్నాము గాని ఆ పాత ఋణము మాది కాదని డౌ వాదన. గురువుగారి ఉదాహరణములోని ఋణగ్రస్తుడు ఇతడే!

2010 జూన్‌లో భోపాలు న్యాయస్థానము శిక్ష విధించినది ఏడుగురు భారతీయ అధికారులకు, తలకు రెండేండ్లు. ఆనాడే బెయిలు లభించినది. పరారీలో ఉన్నవాడని ప్రకటింపబడిన నాటి అమెరికా కార్బైడు అధ్యక్షుడు వారెన్ ఆండర్సన్ 2014లో తన దేశమున, వార్ధక్యమున మరణించెను. పరిహారము చాలలేదని కేంద్రము వేసిన క్యూరేటివ్ పిటిషనును 2023 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము తిరస్కరించినది. కర్మాగారములో మిగిలిన విషపదార్థములలో 337 టన్నులను దహనము కొరకు పీథంపూరునకు తరలించినది 2025 జనవరిలో. అప్పటికి నలుబది ఏండ్లు గడచినవి. పీథంపూరు ప్రజలు ఆ బండ్లను చూచి వీధులకెక్కిరి. వారు కార్బైడు వాటాలు కొన్నవారు కారు, భోపాలులో ఉన్నవారును కారు. అకృతాభ్యాగమమునకు ఇంతకంటె ఉదాహరణ వెదుకనక్కరలేదు.

శాస్త్రములలో ఇట్టి వ్యాపారములను గూర్చి ఏమున్నదని కొందరు అడుగుదురు. అన్నియు మన గ్రంథములలోనే ఉన్నవని చెప్పుకొను అలవాటు నాకు లేదు. పరిమిత బాధ్యత గల కంపెనీ మన స్మృతులలో లేదు. ఉన్నది సంభూయసముత్థానము, అనగా పలువురు కూడి చేయు వ్యాపారము. యాజ్ఞవల్క్యుడు దానికి ఒక ప్రకరణమునే కేటాయించెను. లాభనష్టములు వాటాను బట్టి గాని, ముందు చేసికొన్న ఒప్పందమును బట్టి గాని పంచుకొనవలెను. నిషేధించిన పనిని గాని, తోడివారు చెప్పని పనిని గాని చేసియో, అజాగ్రత్త చేతనో ఒకడు సరకు పాడుచేసినచో ఆ నష్టము వాడే తీర్పవలెను. ఆపదలో సరకును కాపాడినవానికి దశమ భాగము అదనము. మితాక్షరను అనుసరించి కేతన తెనిగించిన విజ్ఞానేశ్వరీయము వలన ఈ వ్యవహారధర్మము పదమూడవ శతాబ్దిలోనే తెలుగువారికి అందినది. నాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. ఈ విధియే ఋత్విక్కులకు, కర్షకులకు, శిల్పులకు వర్తించునని ఆ ప్రకరణము ముగియును. మనువైతే యజ్ఞములో ఋత్విక్కులు దక్షిణ పంచుకొనుటతోనే ఈ విషయమును ఆరంభించెను. అనగా వర్తకుని సంఘమును, మా పురోహితుల సంఘమును ఒకే త్రాసులో తూచిరి. యజ్ఞమును చెడగొట్టిన ఋత్విక్కు "అది నేను కాదు, మా బృందము" అని తప్పించుకొనుటకు వీలు లేదు.

విదేశ వర్తకులపై నాకు ద్వేషమేమియు లేదు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రస్వామి ఆలయమున కాకతీయ గణపతిదేవుని అభయశాసనము నేటికిని ఉన్నది. పదమూడవ శతాబ్దపు నడిమి కాలము నాటిది. గాలివానకు దెబ్బతిని ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా గైకొనెడివారట. ఇకపై నియమిత సుంకము తప్ప ఏమియు తీసికొనమని గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చెను. వాణిజ్యనీతి అనగా అది. దూరము నుండి వచ్చినవానికి రక్షణ, దానికి బదులుగా న్యాయమైన సుంకము.

నేటి వాణిజ్య ఒడంబడికలలో ఆ అభయము ఒకవైపునకే ఉన్నది. కెయిర్న్ అను బ్రిటిషు సంస్థపై మన ప్రభుత్వము వెనుకటి తేదీతో పన్ను విధించినది. అట్టి పన్ను ధర్మమని నేననను. పంట కోసి, కౌలు చెల్లించిన పిమ్మట కౌలు పెంచుట వంటిదది. ఆ సంస్థ బ్రిటనుతో మనకున్న పెట్టుబడుల ఒడంబడికను ఆధారముగా గొని అంతర్జాతీయ మధ్యవర్తుల యెదుటికి వెళ్లి 2020 డిసెంబరులో 120 కోట్ల డాలర్ల తీర్పు పొందినది. 2021 జూన్‌లో పారిసులోని భారత ప్రభుత్వ ఆస్తుల స్తంభనకు అక్కడి న్యాయస్థానపు ఉత్తరువు గూడ సంపాదించినది. ఆగస్టులో మన పార్లమెంటు ఆ పన్నును రద్దు చేసినది, ధనము తిరిగి ఈయబడినది. కంపెనీ వాదియైనపుడు సరిహద్దులు అడ్డు రావు. ఏండ్ల తరబడి సాగవలసిన పని నెలలలో తెమలును. ప్రతివాదియైనపుడు మాత్రము సముద్రము లోతు హఠాత్తుగా పెరిగిపోవును.

మన విశాఖలోనే చూడుడు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీన్ ఆవిరి వ్యాపించి పన్నెండుగురు మరణించిరి. రాష్ట్రప్రభుత్వము నియమించిన సంఘము నిర్లక్ష్యమును ఎత్తిచూపినది, ఇక్కడి అధికారులు అరెస్టు అయిరి. ఆ ఎల్‌జీ పాలిమర్స్‌కు జననీస్థానము దక్షిణ కొరియాలోని సంస్థ. జనని అను పదమును ఇంత చౌకగా వాడుట నాకు కష్టముగా నున్నది గాని, వ్యాపారభాషలో మాతృసంస్థ అనియే అందురు. బిడ్డ సంపాదన మీద తల్లికి హక్కున్నపుడు బిడ్డ చేసిన ఋణము తల్లిని ముట్టదనుట ఏ స్మృతిలోని మాతృధర్మమో నాకు తెలియదు.

ఇది మార్చ వీలుకాని విధి యని కొందరు నిట్టూర్తురు. వారికి ఆఫ్రికాలోని జాంబియా దేశపు చింగోలా ప్రాంత గ్రామస్థుల వ్యాజ్యమును చూపుదును. రాగి గనుల విషజలములు తమ నదిని, పొలములను చెరచినవని 1,826 మంది, గనిని నడపు స్థానిక కంపెనీతోపాటు లండనులోని దాని మాతృసంస్థను గూడ ఇంగ్లండు న్యాయస్థానమునకు ఈడ్చిరి. మేము వేరు, గని కంపెనీ వేరు అని మాతృసంస్థ వాదించినది. తన అధీనములోని కంపెనీల ప్రవర్తనను తానే పర్యవేక్షింతునని ప్రకటించుకొన్న సంస్థ, ఆ పర్యవేక్షణకు బాధ్యురాలు గూడ కావచ్చుననియు, పేదలైన వాదులకు స్వదేశమున న్యాయము పొందు వసతి లేదనియు, కావున విచారణ ఇంగ్లండులోనే జరుగవచ్చుననియు 2019 ఏప్రిలులో బ్రిటిషు సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. 2021 జనవరిలో, తప్పు ఒప్పుకొనకుండగనే, కంపెనీ గ్రామస్థులతో రాజీపడినది. 1986లో న్యూయార్కున భోపాలు బాధితులకు మూసిన ద్వారమే ఇది.

ఆ మాతృసంస్థ యజమానులు మన దేశమువారే. పాట్నా కుటుంబమునకు చెందినవారు. కంపెనీకి వారు పెట్టుకొన్న పేరు వేదాంత.