పిల్లను బడికి దిగబెట్టిన కుక్క

పీసా నుంచి రోముకు సముద్రపు వొడ్డునే పోయే రైలుదారి వొకటి వుంది. కుడిపక్క కిటికీ దొరికితే సముద్రం, యెడమపక్క కిటికీ దొరికితే కొండలు. లివోర్నో రేవు, ఆ తరువాత చెచీనా దాటామంటే గొడుగులు విప్పి నిలబెట్టినట్టుండే పైను చెట్లు, ఆలివు తోటలు, ద్రాక్షతోటలు మొదలవుతాయి. మధ్యలో కాస్తాన్యేతో కార్దూచ్చి అని వొక స్టేషను. 1906లో నోబెలు బహుమతి పొందిన కార్దూచ్చి కవి చిన్నతనం గడిపిన సీమ అది. వూరిపేరులో ఆయన పేరు కలిపేసుకున్నారు. కవిపేరు పెట్టుకున్న స్టేషనులో మన వైపున నేనెప్పుడూ బండి దిగలేదు.

యీ సీమను మారెమ్మ అంటారు. నవ్వకండి, నిజంగా అదే పేరు! పైగా వొకప్పుడు యిది చిత్తడినేలల దేశం. మన్యం జ్వరం పేరు చెబితే మన పెద్దవాళ్లు యెట్లా బెదిరేవారో, మారెమ్మ పేరు చెబితే యిటలీవాళ్లు అట్లాగే బెదిరేవారు. నీళ్లు మళ్లించి, బురదలు యెండగట్టి, యిరవయ్యో శతాబ్దంలోగాని జనం నిశ్చింతగా కాపురాలు చేసుకోలేకపోయారు. మన గ్రామదేవత కూడా జ్వరాల తల్లే కదా. రెండు భాషల్లో పేర్లు యిట్లా కలవడం కేవలం యాదృచ్ఛికమేనని తెలిసినా, నేను మాత్రం మనసులోనే వొక దణ్ణం పెట్టుకున్నాను.

నేను దిగవలసిన స్టేషను పేరు కాంపీల్యా మారిత్తిమా. వూరు కొండ మీద వుంటుంది, స్టేషను కింద మైదానంలో వుంటుంది. మధ్యలో వేడినీటి బుగ్గలకు పేరుపడిన వెంతురీనా. మారిత్తిమా అంటే సముద్రపుదని అర్థమేగాని, స్టేషనులో నిలబడితే సముద్రం కనిపించదు. యిక్కడినుంచి వొక కొమ్మదారి చీలి, సుమారు 15 కిలోమీటర్లు పోయి పియోంబీనో రేవులో ఆగిపోతుంది. యెల్బా ద్వీపానికి పడవ యెక్కేవాళ్లు యిక్కడ బండి మారతారు. అంతకుమించి యీ జంక్షనుతో యెవరికీ పని లేదు.

నాతో మా అన్నయ్య కొడుకు వచ్చాడు. పీసాలో చదువుకుంటున్నాడు. నెపోలియనును 1814లో వుంచిన ద్వీపం కళ్లెదుట వుండగా, నేను ప్లాట్ ఫారం మీద కుక్క బొమ్మ చూస్తానంటే వాడికి అర్థం కాలేదు.

"అత్తయ్యా, కుక్క కోసం యింతదూరమా? మన వీధిలోనే పది వున్నాయి" అన్నాడు.

"పది వున్నాయి గాని, వాటిలో వొక్కటయినా రైలు మారగలదురా?" అన్నాను.

1953 ఆగస్టులో యీ స్టేషనులో ఆగిన వొక గూడ్సు బండిలోంచి వొక కుక్క దూకింది. తెల్లటి వొళ్లు, దానిమీద యెర్రమట్టి రంగు మచ్చలు. జాతికుక్క కాదు. యెక్కడ యెక్కిందో, యెవరి కుక్కో తెలియదు. స్టేషనులో పనిచేసే ఎల్వియో బర్లెత్తాని అనే ఆయన దాన్ని చేరదీశాడు. గూడ్సు పెట్టెలోంచి తళుక్కున ప్రత్యక్షమయింది కాబట్టి లాంపో అని పేరు పెట్టారు. లాంపో అంటే మెరుపు.

అది అన్నానికి మాత్రమే అలవాటుపడిన కుక్క అయితే యీ కథ లేదు. లాంపో బండ్లు నేర్చుకుంది. యేది నిలిచే బండి, యేది నిలవని బండి, యేది పియోంబీనో బండి, భోజనశాల పెట్టె వున్నది యేది, అన్నీ దానికి తెలిసిపోయాయి. భోజనశాల పెట్టె వున్న బండి వచ్చే వేళకు సరిగ్గా ఆ పెట్టె ఆగే చోటికి పోయి నిలబడేదట. వంటవాళ్లు యేదో వొకటి విసిరేవాళ్లు. రైల్వే వుద్యోగుల యిళ్లలో పుట్టినవాళ్లకు యిది వింతగా తోచదు. గడియారం చూడకుండా బండి వేళ చెప్పగల కుక్కలూ, కాకులూ ప్రతి స్టేషనులోనూ వుంటాయి. అయితే లాంపో చేసిన రెండో పని మాత్రం నేను మరెక్కడా వినలేదు.

బర్లెత్తాని కుటుంబం వుండేది పియోంబీనోలో. సాయంకాలం ఆయన పని ముగించుకుని కొమ్మదారి బండిలో యింటికి పోతే, లాంపో కూడా యెక్కేది. యింటిదాకా దిగబెట్టి, తిరుగు బండిలో రాత్రికి మళ్లీ స్టేషనుకు వచ్చేసేది. యిల్లు దానికి స్టేషనే. తెల్లవారితే మళ్లీ పియోంబీనో బండి. ఆయనకు చిన్నపిల్ల వుంది. ఆ పిల్లను బడిదాకా నడిపించి, గుమ్మంలో వొదిలి, మళ్లీ బండెక్కి కాంపీల్యాకు రావడం. యిదీ దాని దినచర్య. చెప్పి చేయించినది కాదు.

యిక్కడ నా మాట వొకటి చెప్పక తప్పదు. మా నాన్నగారు అసిస్టెంటు స్టేషను మాస్టరు. 1967లో, నాకు యెనిమిదేళ్ల వయసులో, మమ్మల్ని వొక చిన్న రోడ్డుసైడు స్టేషనుకు బదిలీ చేశారు. నాలుగు క్వార్టర్లు, వొక బావి, రెండు వేపచెట్లు. పాయింట్సుమనుకు పిల్లలు లేరు, గేటుమనుకు పెళ్లి కాలేదు. అన్నయ్యను చదువుకని అమ్మమ్మగారి వూళ్లో వుంచారు. పక్క స్టేషను వూళ్లో బడికి నేను పొద్దున పాసింజరులో పోయి, సాయంకాలం పాసింజరులో వచ్చేదాన్ని. నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి పగలు నిద్రపోయే రోజుల్లో యింట్లో గట్టిగా మాట్లాడరాదు. మరి యెవరితో మాట్లాడను? స్టేషనులో బైరాగి అనే నల్లకుక్క వుండేది. బైరాగితోనే మాట్లాడేదాన్ని. అది నా వెంట రైలెక్కేది కాదు గాని, ప్లాట్ ఫారం చివరిదాకా బండితో పరుగెత్తి, వాలు దగ్గర ఆగిపోయేది. సాయంకాలం పాసింజరు వచ్చేసరికి అదే చోట వుండేది.

యెనిమిది నెలలకు మళ్లీ బదిలీ. సామాను వేగనులో యెక్కించాము. కొత్తచోటికి వెళ్లిన నెలకు పాయింట్సుమను నాన్నగారికి యెవరిచేతనో కార్డు రాయించాడు. క్షేమ సమాచారాలన్నీ అయినాక చివర వొక ముక్క: "బైరాగి సాయంత్రం పాసింజరుకు వచ్చి పెట్టెలన్నీ చూసుకుని పోతావుంది అయ్యగారూ. పాపగారు రారని దానికి చెప్పినాను." అమ్మ ఆ కార్డు నాకు రెండుసార్లు చదివి వినిపించింది.

అందువల్ల లాంపో కథలో తరువాతి ఘట్టం చదువుతూంటే నాకు నిలకడగా వుండలేదు. టిక్కెట్టు లేకుండా, మూతికి చిక్కం లేకుండా వొక కుక్క రోజూ బండ్లలో తిరుగుతూంటే పై అధికారులు వూరుకుంటారా? వూరుకోలేదు. వాళ్లను తిట్టిపోయడం సులభమే. కాని రైల్వేలో నియమాలు యెందుకు పెట్టారో నాకు తెలుసు. ప్రయాణికుణ్ణి కరిస్తే జవాబు చెప్పేది స్టేషనువాళ్లే. కుక్కను వదిలించుకోవాలని ఆజ్ఞ అయింది. మొదట నేపుల్సు పోయే బండిలో యెక్కించి పంపేశారు. కొద్దిరోజుల్లో తిరిగి వచ్చింది. యీసారి గట్టి యేర్పాటు చేశారు. దేశానికి అవతలి వొడ్డున, ఏడ్రియాటిక్ సముద్రతీరంలో బర్లెత్తా అనే వూరుంది. అక్కడి రైతు వొకడికి అప్పగించారు. బర్లెత్తానిగారి కుక్కకు బర్లెత్తాలో ప్రవాసం!

పటం తీసి చూడండి. యిటలీ వొక బూటు అయితే, బర్లెత్తా మడమకు పైన వుంటుంది, కాంపీల్యా పిక్క ముందువైపున వుంటుంది. నడుమ కొండల వరస. మనిషి అయినా సరే, విచారణ గదిలో అడిగి, బండ్లు మారితేనేగాని చేరలేడు. నెలలు గడిచాయి. ఆ నెలలన్నీ పియోంబీనోలో పిల్ల తోడు లేకుండానే బడికి నడిచి వుంటుంది. తండ్రి యేమని చెప్పి వుంటాడు? మన పాయింట్సుమను బైరాగికి చెప్పిన మాటే తిప్పి చెప్పి వుంటాడు.

వొకరోజున లాంపో వచ్చింది! యెముకలగూడై, కాళ్లు యీడ్చుకుంటూ వచ్చింది. యెన్ని స్టేషన్లలో దిగి యెన్నింట్లో యెక్కిందో! నెపోలియను యెల్బా నుంచి తప్పించుకుని వచ్చాడని చరిత్ర పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాశారు. ఆయనకు వోడలున్నాయి, సిపాయిలున్నారు.

యిక దాన్ని పంపే మాట యెవరూ యెత్తలేదు. పొమ్మన్న రైల్వేయే దాన్ని తనదని చెప్పుకోవడం మొదలుపెట్టింది. పత్రికలవాళ్లు వచ్చారు, ఫొటోలు తీశారు, టెలివిజనులో చూపించారు, అమెరికా పత్రికల్లో కూడా పడింది. స్టేషను కుక్క కాస్తా దేశం కుక్క అయింది. అది మాత్రం భోజనశాల బండి వేళ తప్పలేదు.

1961 జూలై 22న స్టేషనులోనే వొక గూడ్సు బండి కింద పడి లాంపో చనిపోయింది. అప్పటికి ముసలిదయింది, కాళ్లలో చురుకు తగ్గింది. గూడ్సులో వచ్చి గూడ్సు కింద పోయింది. స్టేషను తోటలోనే వొక చెట్టు కింద పాతిపెట్టారు. మరుసటి యేడు, 1962లో, బర్లెత్తాని దాని కథను పుస్తకంగా రాశాడు. అందులోని సంగతులే దేశదేశాలకు పాకాయి.

ప్లాట్ ఫారం మీద యీ కథంతా చెబుతూంటే, మా వాడు నా మాటకు అడ్డం వచ్చాడు. "వుండు అత్తయ్యా! యీ కుక్క నాకు తెలుసు. మా క్లాసులో పోలండు అమ్మాయి చెప్పింది. చిన్నబడిలో పాఠం చదివి క్లాసంతా యేడ్చారట. అది పట్టాలమీద పడిన పిల్లను తోసేసి, తాను చచ్చిపోతుంది కదా?"

వాడు చెప్పింది అబద్ధం కాదు. పోలండులో రోమన్ పిసార్స్కి అనే రచయిత 1967లో యీ కుక్కమీద పిల్లల పుస్తకం రాశాడు. తరతరాలుగా అక్కడి బడిపిల్లలు దాన్ని చదువుతున్నారు. 2023లో సినిమా కూడా తీశారు. ఆ పుస్తకంలో లాంపో స్టేషను మాస్టరు కూతుర్ని రైలు కింద పడకుండా కాపాడి ప్రాణం విడుస్తుంది. నిజంగా జరిగింది అది కాదు.

రచయితలకు యీ స్వేచ్ఛ వుండవలసిందే. కాని నాకు ఆ ముగింపు నచ్చలేదు. పిల్లను కాపాడడానికి రైలు యెదురు రావాలా? యెవరూ చెప్పకుండా రోజూ పొద్దున్నే బండెక్కి పోయి, బడి గుమ్మందాకా నడిచి రావడం చాలదూ? ఆ మాటే మా వాడితో అన్నాను.

"నిజమైన కథ చెబితే క్లాసు యేడవదు గదా అత్తయ్యా" అన్నాడు.

"మా క్లాసు యేడుస్తుంది" అన్నాను.

స్టేషను తోటలో లాంపో విగ్రహం వుంది. యేమంత గొప్ప శిల్పం కాదు. పీసాలో పాలరాతి పని చూసి వచ్చిన కళ్లకు మరీ సాదాగా కనిపిస్తుంది. పెద్ద నగరాల్లో విగ్రహాలకు వుండే ఆర్భాటం లేదు. టోకియోలోని షిబుయా స్టేషను బయట హచికో అనే కుక్క విగ్రహం చుట్టూ జనం కిటకిటలాడుతుంటారు. చనిపోయిన యజమాని కోసం 1935లో తాను పోయేదాకా ఆ స్టేషనుకు వచ్చి కాచుకున్న కుక్క అది. యిక్కడ మేమిద్దరం, బెంచీమీద సంచీతో వొక పెద్దాయన, అంతే. నేను చెప్పులు విడిచి దగ్గరికి పోవడం చూసి ఆ పెద్దాయన లేచి, తన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. భాష తెలియదు కాబట్టి యిద్దరం తలలూపుకున్నాము. నా దగ్గర పీసాలో కొన్న బిస్కత్తులున్నాయి. వొకటి దిమ్మె మీద పెడదామనుకున్నాను గాని, చీమలు పడతాయని మా వాడు గొణిగాడు. వాడికి తెలియకుండా పెట్టాను.

తరువాత పియోంబీనో బండి యెక్కాము. యెల్బా మాటకు రేపు చూద్దామన్నాను; కుక్క పోయిన దారి పోవాలి కదా! బండి చిన్నది. దారిలో పోపులోనియా స్టేషను వస్తుంది. యెత్రుస్కనులనే ప్రాచీన జాతివాళ్లు రెండువేల అయిదువందల యేళ్ల కిందటనే యెల్బా యినుప రాతిని యిక్కడ కరిగించేవారు. ఆ పని పియోంబీనోలో మొన్నమొన్నటిదాకా సాగింది. 2014లో బ్లాస్టు ఫర్నేసు చల్లారిపోయింది. 2018లో ఆ వుక్కు కర్మాగారాన్ని మన జిందాలువారు కొన్నారు. లాంపో తిరిగిన రోజుల్లో యీ బండి కార్మికులతో నిండిపోయి వుండేది. ఆ కాళ్ల మధ్యనుంచి దూరి తలుపుదగ్గర కూర్చుని వుంటుంది.

పియోంబీనోలో దిగి వూళ్లోకి నడిచాము. బడి వొదిలే వేళ. మెడలో పుస్తకాల సంచీతో వొక పిల్లవాడు వొంటరిగా, గోడవెంబడి చేత్తో గీసుకుంటూ పోతున్నాడు. వాడి ముందర యెవరిదో వొక గోధుమరంగు కుక్క నడుస్తోంది. వాడిదో కాదో! మలుపు దగ్గర అది ఆగి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ నడిచింది.