ఆటోనగర్‌లో అపరాధ పరిశోధన

మా మనవడికి అపరాధ పరిశోధన కథలు రాయాలని మహా సరదా. ఇప్పటికి మూడు రాశాడు. మొదటి కథలో దొంగ ఎవరో రెండో పేజీలోనే తెలిసిపోయిందనీ, రెండో కథలో ఆఖరి పేజీ చదివినా తెలియలేదనీ వాడి స్నేహితులు తీర్పు చెప్పారట. మూడో కథ సంగతి వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు.

“మిస్టరీ కథ ఎలా రాయాలి తాతయ్యా?” అని ఒకరోజు పొద్దున్నే నా కుర్చీ పక్కన చేరాడు.

చదవటం వేరు, రాయటం వేరు. చదవటానికైతే నేనెవరికీ తీసిపోను. 1950, 60లలో తెలుగునాట జేబు పుస్తకాల జోరు చూసినవాణ్ణి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని అసిస్టెంటు రాజునూ లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని పెరిగినవాణ్ణి. బెజవాడ ఏలూరు రోడ్డులో అద్దె పుస్తకాల కోసం నేను తిరిగిన తిరుగుడు పుణ్యక్షేత్రాల చుట్టూ తిరిగి ఉంటే ఈపాటికి మోక్షం వచ్చి ఉండేది. అయినా వాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

“నాకు ఆటోనగర్‌లో పని ఉంది, తోడు రా. దారిలో ఆలోచిద్దాం” అన్నాను.

పని నాది కాదు, నా చిన్ననాటి స్నేహితుడిది. ఆయనకో పాత లారీ ఉంది. గుడివాడ వైపు మిల్లుల నుంచి బియ్యం తోలుతుంది. బండి మేస్త్రీ దగ్గర ఉందనీ, ఏదో పంచాయతీ పడిందనీ, నన్ను తోడు రమ్మనీ కబురు చేశాడు.

మీరు ఎప్పుడైనా బెజవాడ వస్తే దుర్గమ్మ కొండనూ, ప్రకాశం బారేజీనీ చూసి వెళ్లిపోతారు. తప్పు లేదు. కాని ఒక పూట మిగిలితే బందరు రోడ్డు పట్టుకుని బెంజి సర్కిలు దాటి, పటమట మీదుగా ఆటోనగర్ గేటు దాకా రండి. మద్రాసు నుంచి కలకత్తా పోయే బాటా, హైదరాబాదు నుంచి బందరు పోయే బాటా బెంజి సర్కిలు దగ్గరే కలుసుకుంటాయి. నాలుగు దిక్కుల బళ్లు కలిసే చోట జబ్బుపడిన బళ్లకు ఆసుపత్రి లేకపోతే ఎలా? 1960లలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఆ ఆసుపత్రి. ఒక సందులో కమాను పట్టీలు కాలుస్తారు. ఇంకో సందులో రేడియేటర్లకు మాట్లు వేస్తారు. ఒకచోట ఉత్త చాసిస్ అస్థిపంజరంలా నిలబడి ఉంటే, పక్క షెడ్డులో దానికి కొయ్యా రేకూ తొడిగి, రంగులు పూసి, నుదుట దేవుడి పేరు రాసి పెళ్లికూతుర్ని చేస్తుంటారు. సుత్తి దెబ్బలూ, వెల్డింగు మెరుపులూ, డీజిల్ వాసనా! మొదటి పావుగంట చెవులు మూసుకోవాలనిపిస్తుంది. తరవాత ఒక్కొక్క చప్పుడూ విడివిడిగా వినిపించటం మొదలెడుతుంది.

పాత సామాన్ల వీధిలో మావాడు ఆగిపోయాడు. ఒక చాసిస్ మీద చెక్కిన నంబరు పైన కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతున్నాడు ఒకతను. రవాణా ఆఫీసులో చూపించాలట.

“ఈ నంబరు ఎవడైనా అరగదీస్తే?” అన్నాడు వీడు, కళ్లు మెరిపిస్తూ.

“అరిగిపోయేది పైన కనిపించే గీతేరా. నంబరు గుద్దినప్పుడు దాని అడుగున ఉన్న లోహం కూడా నలుగుతుంది. అక్కడ ఆమ్లం రాస్తే నలిగినచోట ఒక రకంగా, నలగనిచోట ఇంకో రకంగా తింటుంది. పోయిందనుకున్న అంకె మళ్లీ తేలుతుంది. నేర పరిశోధనాలయాల్లో చేసే పనే అది” అన్నాను. ఈ ఒక్క విషయం తెలిసి ఉండటం వల్ల నా పరువు దక్కింది.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి పంచాయతీ రసకందాయంలో ఉంది. మా స్నేహితుడు చేతిలో లెక్కల పుస్తకంతో నిప్పులు కక్కుతున్నాడు. మూడు ట్రిప్పులుగా డీజిల్ లెక్క తేలటం లేదట. ట్యాంకు నింపి పంపిస్తే తిరిగొచ్చాక పట్టాల్సినదానికంటే ఒకసారి లీటరు, ఒకసారి రెండు లీటర్లు ఎక్కువ పడుతోంది.

“రెండు లీటర్లే కదా” అన్నాను.

“ఇవాళ రెండు. రేపు ఇరవై! సీటు కింద డబ్బా కూడా దొరికింది. వాసన చూడు, డీజిల్!”

డ్రైవరు గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. పదకొండేళ్లుగా ఆ బండి తోలుతున్న మనిషి. ఒక్క మాట మాట్లాడటం లేదు. ఆ మౌనం చూసి నాకే అనుమానం కలిగిందంటే దాచటమెందుకు? క్లీనరు కుర్రాడు మాత్రం పరిస్థితి చల్లబరచాలని కాబోలు, బానెట్టు మీద చెయ్యివేసి బండిని పొగడటం మొదలెట్టాడు.

“ముసలిదే గాని మహా బుద్ధిమంతురాలండీ! ఇదివరకు వారానికింత ఇంజనాయిలు తాగేది. ఈ నెల్లో చుక్క అడిగితే ఒట్టు!”

ఎవరం పట్టించుకోలేదు. మా స్నేహితుడు డబ్బా గురించే మాట్లాడుతున్నాడు.

మేస్త్రీ అరవై ఏళ్ల మనిషి. అంతదాకా బండి కింద పడుకుని ట్యాంకూ గొట్టాలూ తడిమి చూస్తున్నాడు. కారుతున్న జాడ ఎక్కడా లేదు. లేచి చేతులు తుడుచుకుని, “ఏమన్నావురా?” అన్నాడు, క్లీనరుతో. ఓనరుతో కాదు, డ్రైవరుతో కాదు.

“ఆయిలు అడగలేదన్నానండి.”

మేస్త్రీ ఆయిలు చూసే పుల్ల బయటికి లాగాడు. నూనె పై గీత కంటే ఎగువన ఉంది. వేలికి రాసుకుని వాసన చూశాడు. పాత న్యూస్‌పేపరు మీద ఒక చుక్క వేశాడు. చిక్కటి ఆయిలైతే చుక్క చుక్కలాగే నిలవాలి. ఇది నల్లటి బొట్టు చుట్టూ పల్చటి వలయంలా పాకిపోయింది.

“బాబాయ్ గారూ, డీజిల్ ఎక్కడికీ పోలేదు. బండిలోనే ఉంది” అన్నాడు నాతో.

ట్యాంకులోంచి డీజిల్‌ను ఇంజనుకు లాగే చిన్న ఫీడ్ పంపు ఒకటి ఉంటుంది. దాని లోపల డయాఫ్రం అని ఒక పల్చటి పొర. ఆ పొర చిరిగితే డీజిల్ బయటికి కారదు. ఇంజను అడుగున ఉన్న ఆయిల్లోకి దిగుతుంది. అందుకే నేల తడవదు, లెక్క తగ్గుతుంది, ఆయిలు పెరుగుతుంది. పంపు విప్పి, చిరిగిన పొరను మేస్త్రీ మా అరచేతుల్లో పెట్టాడు. డబ్బా సంగతి? సామాన్లు కడగటానికి క్లీనరు దాచుకున్న అడుగు డీజిల్ అది.

“ఇంకో రెండు ట్రిప్పులు ఇలాగే తిప్పితే, పల్చబడ్డ ఆయిలుతో బేరింగులు పట్టేసేవి. ఇంజను పోయేది” అన్నాడు మేస్త్రీ.

మా స్నేహితుడు లెక్కల పుస్తకం మూసేశాడు. చాలాసేపటికి, “రావోయ్, టీ తాగుదాం” అన్నాడు డ్రైవరుతో. అతను కదలలేదు.

“పదకొండేళ్లండీ” అన్నాడు మెల్లిగా. “మూడు ట్రిప్పులకే దొంగనైపోయాను.”

ఆ మాటకు షెడ్డులో ఎవరి దగ్గరా జవాబు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు సిటీ బస్సులో మనవడికి చెప్పాను: “చూశావుగా, నీకు కావలసిన పాఠమంతా అక్కడే ఉంది. క్లీనరు మాట నువ్వూ విన్నావు, నేనూ విన్నాను. మన ఎదుటే ఉన్న ఆధారాన్ని మనం పొగడ్త అనుకున్నాం. దాచాల్సింది అలా దాచాలి, చెబుతూనే. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు ఇలాంటి కథలకు పది ఆజ్ఞలు రాశాడు. డిటెక్టివుకు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపించాలన్నది అందులో ఒకటి. ఆఖరి పేజీలో జేబులోంచి కొత్త ఉత్తరం తీస్తే అది మోసం.”

“మరి ఎక్కడ మొదలెట్టాలి?”

“చిరిగిన పొర దగ్గర. జరిగింది ఏమిటో ముందు నీకు తెలియాలి. అది ఎక్కడెక్కడ గుర్తులు వదిలిందో తరవాత వెతకాలి, అరగదీసిన నంబరు అడుగున నలిగిన లోహంలాగ. విలియం గాడ్విన్ అనే ఆయన 1794లో ‘కేలబ్ విలియమ్స్’ అనే నవల ప్రచురించాడు. మూడో సంపుటం ముందు ఊహించుకుని, తరవాత రెండోదీ, చివరికి మొదటిదీ ఆలోచించానని 1832లో ఆయనే చెప్పుకున్నాడు. రాసేవాడు వెనక నుంచి వస్తాడు. చదివేవాడు ముందు నుంచి వెళతాడు. ఇద్దరూ కలుసుకునే చోటే కథ.”

వాడు కొంతసేపు కిటికీలోంచి చూశాడు.

“తాతయ్యా, నా మూడు కథల్లోనూ శవం ఉంది గాని, ఆ డ్రైవరు లాంటివాడు ఒక్కడూ లేడు” అన్నాడు.

నేనింకేమీ చెప్పలేదు. దొంగ ఎవరన్నది తేలటం ఒక ఎత్తు, దొంగ కానివాడు తల ఎత్తుకోవటం ఒక ఎత్తు. ఆ రెండోదాని కోసమే మనం రాత్రి దీపం ఆర్పకుండా ఆఖరి పేజీ దాకా వెళతామని నాకు ఈ వయసులో తెలిసింది.

వాడు నాలుగో కథ మొదలెట్టాడు. అందులో హత్య లేదట. ఒక పాత లారీ ఉందట.