కోవెంట్రీ గ్యారేజీకి ఆటోనగర్ పాఠం

ఇంగ్లండ్‌లో మొదటిసారి పాత కారు కొని బాగుచేసుకోవాలనుకునేవాళ్లకు తరచూ వినిపించే పేరు ఎంజీబీ. ఆక్స్‌ఫర్డ్‌కు దక్షిణాన ఉన్న అబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన చిన్న స్పోర్ట్స్ కారు ఇది. అన్ని తయారయ్యాయి కాబట్టే బోల్టు నుంచి బాడీ దాకా ఇవాళ్టికీ అన్నీ దొరుకుతాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి కొత్త బాడీలే చేసి అమ్ముతోంది. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం క్రోమ్ బంపర్లు తీసేసి నల్ల రబ్బరువి పెట్టారు. ఆ రూపం చాలామందికి నచ్చదు. అందుకే రబ్బరు బంపర్ల బళ్లు చవక.

గుంటూరు నుంచి వెళ్లి కోవెంట్రీలో స్థిరపడిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కన్ను వాటి మీద పడింది.

ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. పైకప్పు లేని మోడల్‌లో ఆ భారం ఎక్కువగా తలుపుల కింద, ముందు వెనక చక్రాల మధ్య సాగే పెట్టెలాంటి ఉక్కు భాగం మీద పడుతుంది. దాన్ని సిల్ అంటారు. అందులోకి నీళ్లు చేరితే తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

అందుకే అతను బళ్లు చూడటానికి వెళ్లినప్పుడల్లా గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లేవాడు. ఒక ఎర్ర కారు సిల్ వెంబడి దాన్ని జరుపుతుంటే అతుక్కుంటూ వచ్చి ఒకచోట జారిపోయింది. అక్కడున్నది రేకు కాదు, పుట్టీ. తలుపు అంచు చూస్తే సందు కింద వెడల్పుగా, పైన ఇరుకుగా ఉంది. బండి నడుము వంగిందన్నమాట. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకున్నా ఆ కారు వదిలేశాడు.

చివరికి కొన్నది రంగు వెలిసి, సీట్లు చిరిగి, ఇంజన్ టకటకమంటున్న 1978 నాటి బండి. సిల్స్ మాత్రం గట్టివి.

మొదటిసారి కొనేవాళ్లు ఇలాంటిదే ఎంచుకోవాలి. చిరిగిన సీటుకు కొత్త తొడుగు వేసుకోవచ్చు. సిల్ మార్చడం అలా కాదు. పాతది కోసేముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీ బిగించి బాడీ వంగకుండా ఆపాలి. తలుపు తగిలించి, సందు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. ఇంకొకరి చేత చేయిస్తే ఆ ఖర్చు కారు ఖరీదునే దాటిపోవచ్చు.

బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. దరఖాస్తు చేసుకుంటే రోడ్డు పన్ను కూడా ఉండదు. ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ బండి అడుగు ఎవరూ చూడకుండానే ఏళ్లు గడిచిపోవచ్చు. బ్రేకులు, స్టీరింగు, తుప్పు చూసుకునే బాధ్యత యజమానిదే కాబట్టి, అతను తన బండిని కావాలనే పరీక్షకు పంపుతున్నాడు. ప్రతి ఓనరూ చేయాల్సిన పని ఇది.

ఇక ఆ టకటక. దానికి వైద్యం విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చింది. అతని మేనమామ అక్కడ ముప్పై ఏళ్లకు పైగా అంబాసిడర్లు విప్పి బిగించిన మెకానిక్. అంబాసిడర్‌కు మూలం ఆక్స్‌ఫర్డ్ శివారు కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్ రెండూ బి-సిరీస్ కుటుంబానివే. వీడియో కాల్‌లో రాకర్ కవర్ విప్పగానే మామయ్య గుర్తుపట్టేశాడు.

“ట్యాపెట్లు లూజయ్యాయిరా అల్లుడూ. ప్లగ్గులు తీసెయ్, నాలుగో గేరులో వేసి బండి మెల్లగా నెట్టు. ఎనిమిదో వాల్వు పూర్తిగా దిగినప్పుడు ఒకటోది చూడు. ఏడోది దిగితే రెండోది. రెండూ కలిపితే తొమ్మిది రావాలి.”

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వును నొక్కే రాకర్‌కూ వాల్వుకూ మధ్య పదిహేను థౌ సందు ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. సందు కొలిచే ఫీలర్ గేజ్ అందులో కాస్త పట్టుగా జారాలి. ఆ పట్టు ఎంతో వేలికి తెలియాలి. అతను సందు సరిచేసి నట్టు బిగిస్తే, బిగింపులో స్క్రూ కదిలి సందు తగ్గింది. “స్క్రూడ్రైవర్ వదలకుండా నట్టు బిగించు,” అన్నాడు మామయ్య. సాయంత్రానికి ఎనిమిదీ పూర్తయ్యాయి, టకటక తగ్గింది.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. వాటి మీద చేయి తిరిగిన తరానికి వయసు మీదపడుతోంది. తెలుగు ఊళ్లలో అలాంటి మేస్త్రీలు ఇంకా ఉన్నారు. విదేశాల్లో పాత బ్రిటిష్ కారు కొనే తెలుగువాళ్లు ముందు వాళ్లకు ఫోన్ చేయాలి, అడగాలి, చెప్పింది రాసిపెట్టుకోవాలి. ఈ అల్లుడు మామయ్య కాల్స్ అన్నీ రికార్డు చేసి దాచుకుంటున్నాడు.

క్లచ్ ఇంకా మిగిలే ఉంది. ఎంజీబీలో క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్ బయటికి తీయాల్సిందే. ఆ పని వేసవికి అట్టేపెట్టాడు. మామయ్యకు వీసా కోసం కాగితాలు సిద్ధమవుతున్నాయి. గ్యారేజీలో ఇంజన్ ఎత్తడానికి గొలుసు కప్పీ వేలాడదీసే చోటు చూసి ఉంచమని మామయ్య ముందే పురమాయించాడు.