గంగవ్వ వెళ్ళిన ఇల్లు

ఆ కనపడని పెద్దమనిషికి మా అత్తమ్మ "దొర" అని పేరు పెట్టింది. బిగ్ బాస్ అనడానికి నోరు తిరగక కాదు సుమండీ! ఆమె పుట్టింది నిర్మల్ దగ్గర ఒక పల్లెలో, మెట్టింది కరీంనగర్ పక్కన. గడీల కాలం చూసిన మనిషి. గడీలో దొర ఎప్పుడోగాని బయటికి రాడు. మాట మాత్రం వస్తుంది. ఎవరు రావాలో, ఎవరు పోవాలో, ఎవరు ఎంతసేపు చేతులు కట్టుకుని నిలబడాలో ఆ మాటే చెబుతుంది. టెలివిజనులోనూ వరస అదే కదా.

"గీయన గూడ కనవడడు, మాటనే ఇనవడ్తది. దొర గాకపోతె ఏంది మరి?" అన్నది అత్తమ్మ.

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆమె ఏ పుస్తకమూ చదవకుండానే అసలు అర్థం పట్టేసిందని తోచింది. ఇంగ్లీషు రచయిత జార్జి ఆర్వెల్ 1949లో ప్రచురించిన నవలలో "బిగ్ బ్రదర్" అనే ప్రభువు ఉంటాడు. అతన్ని ఎదురుగా చూసినవాడు లేడు. అతను చూడని ఇల్లు లేదు. ఆ పేరునే హాలెండు దేశంలో ఒక టెలివిజను వ్యాపారి వినోదానికి వాడుకున్నాడు. ఆ పేరే సముద్రాలు దాటి మన దేశానికి వచ్చి బిగ్ బాస్ అయింది. మా ఇంటికి వచ్చేసరికి దొర అయింది.

ఈ దొరను పుట్టించిన అసలు దొర ఎవరో తెలుసుకోవాలని నాకు పట్టుదల కలిగింది. మా పెద్దవాడు కంప్యూటరులో వెతికిపెడితే, నేను చదివి మధ్యాహ్నం పూట చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ అత్తమ్మకు చెప్పేదాన్ని. ఆమె ఊకొట్టేది. పురాణమైనా అంత శ్రద్ధగా వినేది కాదు.

ఆయన పేరు జాన్ డి మోల్. 1955లో పుట్టాడు. తండ్రి పాటగాడు, తాత వాద్యబృందం నడిపినవాడు, చెల్లెలు లిండా అక్కడి టెలివిజనులో పెద్ద పేరున్న మనిషి. డచ్చి భాషలో "మోల్" అంటే నేలలో బొరియలు తవ్వుకుంటూ పోయే చిన్న జంతువుట. తర్వాత పెట్టిన కంపెనీకి ఆయన అదే అర్థం వచ్చే లాటిను మాట "టాల్పా" ఎంచుకున్నాడు. ఇతరుల ఇళ్ళ కిందికి తవ్వుకుంటూ పోయినవాడికి తగిన పేరే కదండీ! అంతకుముందు 1994లో, యోప్ వాన్ డెన్ ఎండె అనే మరో నిర్మాతతో కలిసి ఇద్దరి ఇంటిపేర్లూ అతికించి "ఎండెమోల్" అనే కంపెనీ పెట్టాడు. మన ఊళ్ళో అన్నదమ్ములు కలిసి కిరాణాకొట్టు పెట్టినట్టే అనుకోండి.

1997 సెప్టెంబరు 4వ తేదీ రాత్రి. డి మోల్ తన మనుషులతో కూర్చుని కొత్త కార్యక్రమం కోసం బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడు. మాటల్లో మాటగా "బయోస్ఫియర్" సంగతి వచ్చింది. అమెరికాలోని అరిజోనాలో మూడెకరాలకు పైగా స్థలంలో ఒక అద్దాల భవనం కట్టి, 1991లో ఎనిమిది మందిని లోపల పెట్టి తలుపులు మూశారు. నలుగురు ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు. రెండేళ్ళు వాళ్ళ తిండి వాళ్ళే పండించుకోవాలి, లోపలి గాలే పీల్చుకోవాలి. చివరికి గాలి చాలక బయటినుంచి ప్రాణవాయువు పంపవలసి వచ్చింది. తిండి చాలక అందరూ చిక్కిపోయారు. అదీగాక, ఎనిమిది మందీ రెండు ముఠాలుగా చీలి మాటలు మానుకున్నారు!

శాస్త్రజ్ఞులు లోపలి మొక్కల్ని, గాలిని, నేలను పరీక్షించుకున్నారు. డి మోల్ కంటికి ఆనింది మాత్రం ఆ తగాదా. మనుషుల్ని ఒక ఇంట్లో పెట్టి, ఏడాదిపాటు తలుపులు మూసి, చివరిదాకా నిలిచినవాడికి పెద్ద బహుమతి ఇస్తే? ఆ ఊహకు అప్పుడు పెట్టుకున్న పేరు "బంగారు పంజరం". తర్వాత ఏడాది తగ్గి సుమారు నూరురోజులైంది, పేరు బిగ్ బ్రదర్ అయింది.

నన్నడిగితే ఆ మొదటి పేరే నిజాయితీ గలది.

1999 సెప్టెంబరు 16న హాలెండులో వెరోనికా అనే చానలులో అది మొదలైంది. ప్రసారం కాకముందే అక్కడి పెద్దలు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనుషులతో ఇదేం ఆటలని అభ్యంతరం చెప్పారు. ఐనా దేశం యావత్తూ చూసింది. ఆ ఇల్లు ఆల్మీర్ అనే ఊళ్ళో కట్టారు. అదీ చిత్రమైన ఊరే! ఒకప్పుడు నీళ్ళు ఉన్నచోట గట్లు కట్టి, తోడేసి, నేల చేసి ఊరు నిలబెట్టారు. ఆ ఇంట్లో గోడల వెనక కెమెరాలు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. ఆ మొదటి ఇంట్లో కూరగాయల మడి ఉన్నది, కోళ్ళున్నాయి. లోపలివాళ్ళు రొట్టె తామే కాల్చుకోవాలి. ఉన్నదానితో బతకడమే ఆ ఆటలో సగం. బార్ట్ అనే కుర్రవాడు గెలిచి రెండున్నర లక్షల గిల్డర్లు పట్టుకుపోయాడు.

కోళ్ళ మాట చెప్పగానే అత్తమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "అగో, గట్లుండాలె! ఇల్లన్నంక కోడి ఉండద్దా?"

అక్కణ్ణించి ఆ ఆట ఎక్కింది. మరుసటి ఏడే బ్రిటనూ అమెరికా కొనుక్కున్నాయి. కొనడమంటే సినిమా డబ్బాలు కొన్నట్టు కాదు. ఇల్లు ఎలా కట్టాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, గొంతు ఎప్పుడు పలకాలి, వారానికి ఒకణ్ణి ఎలా పంపించాలి, ఈ కల్పము రాసిన పుస్తకం కొనడం. మనుషులు మాత్రం ఏ దేశానికి ఆ దేశం వాళ్ళు. 2000లోనే స్పెయిను దేశపు టెలిఫోను కంపెనీ ఎండెమోల్‌ను సుమారు 550 కోట్ల యూరోలకు కొన్నది. ఎవరికీ తట్టని ఆలోచనేమీ కాదు. హాలెండులోనే 1991లో కొందరు విద్యార్థుల్ని ఒక ఇంట్లో పెట్టి చిత్రించారు. మనుషుల్ని దీవిలో వదిలేసే ఆట కర్త చార్లీ పార్సన్స్ తరఫువాళ్ళు ఇది మా ఆటకు నకలని దావా వేశారు కూడా. అది హాలెండు సుప్రీంకోర్టు దాకా పోయి, 2004లో నకలు కాదని తేలింది.

మన దేశానికి 2006లో హిందీలో వచ్చింది. 2007 జనవరిలో బ్రిటనులో శిల్పాశెట్టిని అదే ఇంట్లో తోటివాళ్ళు అవమానిస్తే, ప్రపంచమంతా గోల పుట్టి, చివరికి ఆమే గెలిచింది. తెలుగులో 2017 జూలై 16న జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా మొదలైంది. విచిత్రమేమంటే ఆ తెలుగు ఇల్లు మహారాష్ట్రలో లోనావాలాలో కట్టారు. తర్వాతే హైదరాబాదుకు, అన్నపూర్ణా స్టూడియోకు మారింది.

అప్పటిదాకా అత్తమ్మ దాన్ని కన్నెత్తి చూడలేదు. "పని లేనోళ్ళ పంచాయితి" అని లేచి వెళ్ళేది. 2020 సెప్టెంబరులో నాలుగో భాగానికి గంగవ్వ వెళ్ళింది. ఇక చూడండి!

గంగవ్వ మాకు పరాయిది కాదు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో కొండగట్టు అంజన్న గుట్ట తెలియనివాళ్ళెవరు? ఆ మల్యాల మండలంలోదే లంబాడిపల్లి. అక్కడ శ్రీరాం శ్రీకాంత్ అనే యువకుడు 2012లో "మై విలేజ్ షో" అని మొదలుపెట్టి, ఊళ్ళో మాటలు ఊళ్ళోవాళ్ళచేతే ఆడించి యూట్యూబులో పెట్టాడు. కూలినాలి చేసుకుని బతికిన గంగవ్వ, చదువు రాని గంగవ్వ, అందులో నటించి లక్షలమందికి తెలిసింది. 2019లో "మల్లేశం", "ఇస్మార్ట్ శంకర్" సినిమాల్లోనూ కనిపించింది. అటువంటి మనిషి పట్టుచీరలు, జిగేలుమనే దీపాలు ఉన్న ఆ ఇంట్లోకి నడిచి వెళ్ళింది. ఎందుకూ? తనకొక ఇల్లు కట్టుకోవాలని! ఇల్లు కావాలంటే ముందు పంజరంలోకి వెళ్ళవలసి వచ్చిందన్నమాట.

అదే భాగంలో మా కరీంనగర్ పిల్లవాడు సోహెల్ కూడా ఉన్నాడు. చివరిదాకా నిలిచి, ఇరవై అయిదు లక్షలు తీసుకుని మూడో స్థానంలో బయటికి వచ్చాడు. కాని మా అత్తమ్మకు గంగవ్వ తప్ప ఎవరూ కనపడలేదు. రాత్రి భోజనాలు కాగానే కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేది. పగలు ఎవరైనా కునుకు తీస్తే కుక్కల అరుపులు వినిపించి లేపే ఏర్పాటు ఉంది చూశారూ, అది చూసి మండిపడేది. "ముసలామె గంతసేపు పండుకోద్దా? కుక్కలెందుకు?"

రోజులు గడిచినకొద్దీ గంగవ్వ ముఖం వాడిపోతూ వచ్చింది. ఆరోగ్యం బాగులేదు, ఇంటికి పంపమని అడిగింది. అయిదో వారంలో పంపించారు. వ్యాఖ్యాత నాగార్జున ఆమెకు ఇల్లు కట్టించే మాట ఇచ్చాడు.

డాక్టర్లు ఏమన్నారోగాని, అత్తమ్మ నిర్ధారణ వేరు. "ఒంటికి కాదు బిడ్డా, చేతులకు జబ్బు. పొద్దుందాక ఊకె కూసుంటె చేతులు ఏంజేస్తయి?"

"వంట చేస్తున్నారుగా అత్తమ్మా?"

"వంట గూడ ఒక పనేనా?"

అరవై ఏళ్ళు వంట చేసిన మనిషి అన్న మాట ఇది! ఐనా ఆ మాట నన్ను పట్టుకుంది. ఆల్మీరు ఇంట్లో ఉన్న కూరగాయల మడి, కోళ్ళు ఈ ఇంట్లో లేవు. భూమి పని ఎరిగిన మనిషి ఒక్కతే వచ్చింది. వచ్చేసరికి ఆ పని తీసేసిన ఇంటికి వచ్చింది. ఇరవైనాలుగు గంటల్ని మరగబెట్టి గంటసేపు చూపించాలంటే కూరగాయలు ఎదిగే తీరు ఎవరికి కావాలి? తగాదా అయితే చప్పున కాస్తుంది.

ఈ సంగతి మా తమ్ముడితో అనవలసింది కాదేమో గాని, అన్నాను. వాడప్పుడు గల్ఫులో ఉన్నాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫు మనిషి లేని వీధి చూపించండి! వాడి గదిలో ఎనిమిది మంది, నాలుగు రెండంతస్తుల మంచాలు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. ఆ 2020లో కరోనా వచ్చి గది దాటనివ్వలేదు. నాలుగు నెలలు జీతమూ లేదు. ఎనిమిది మందీ ఒక్క ఫోనులో గంగవ్వను చూసేవారట. ఆమె బయటికి వచ్చిన మర్నాడు ఫోను చేశాడు.

"గంగవ్వ పోతనంటె తలుపు తెరిచిండ్రక్కా. మా తలుపు తెరిచేటోడేడి?" అన్నాడు. ఒక్క క్షణం ఆగి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ముక్కూ మొగమూ తెలియని మనుషుల్ని ఒక గదిలో వేస్తే కొట్టుకుంటారని గదా డి మోల్ లెక్క. మీ గదిలోనూ అంతేనా అని అడిగాను. పంకా గురించి, బకెట్టు నీళ్ళ గురించి రోజూ లొల్లేనట. కాని కోరుట్ల అబ్బాయి తండ్రి పోతే, జీతం లేని నెలలోనే తలా ఇంత వేసి ఇంటికి పంపారట. వంట వంతులవారీగా. జ్వరం వస్తే పక్క మంచంవాడే గంజి కాచాడట. ఆ మాటలు విన్నాక నాకు ఆ ఆటలోని కీలు ఎక్కడుందో తోచింది. తలుపు మూయడంలో లేదు. కెమెరాలోనూ లేదు. వారం వారం ఒక్కొక్కణ్ణీ పిలిచి, "ఇంట్లోంచి ఎవరు పోవాలో నువ్వే పేరు చెప్పు" అని అడగడంలో ఉంది. మా తమ్ముడి గదిలో ఆ ప్రశ్న అడిగేవాడు లేడు. బహుమతీ లేదు. ఉన్నవాళ్ళంతా బాకీవాళ్ళే.

గంగవ్వ ఇల్లు 2021లో పూర్తయి గృహప్రవేశం జరిగింది. అత్తమ్మ ఆ బొమ్మలు ఫోనులో రెండుసార్లు చూసి, గడప వెడల్పుగా ఉందని మెచ్చుకున్నది. మా తమ్ముడు 2022లో తిరిగి వచ్చేశాడు. ఊళ్ళో రెండు గదులు వేసుకుని, ఇప్పుడు ఆటో తోలుకుంటున్నాడు.

2024లో ఎనిమిదో భాగం జరుగుతూండగా గంగవ్వ మళ్ళీ ఆ ఇంట్లోకి వెళ్ళింది. ఆ రాత్రి తమ్ముడు మా ఇంట్లోనే ఉన్నాడు. అత్తమ్మకు గొప్ప కోపం వచ్చింది.

"ఇల్లు కట్టుకున్నది గద! పోయి సూసింది గద, ఎట్లుంటదో ఎరికే గద! మల్ల ఎందుకు పోయినట్టు?"

తమ్ముడు కంచంలో చెయ్యి కడుక్కుంటూ, "నేను మూడుమాట్ల పోలేదా అత్తమ్మా?" అన్నాడు.

అత్తమ్మ ఇంకేమీ అనలేదు. నా చేతిలోంచి రిమోటు తీసుకుని, గంగవ్వ మాట సరిగ్గా వినపడేటట్టు చప్పుడు పెంచింది.