తనకు తానే పక్కవాద్యము

సంగీతమున స్త్రీకి గొంతు కొఱత యెన్నడును లేదు. కొఱత యెల్ల పక్కవాద్యమునకే. ఇంటిలో నొక వీణ చేతనున్న చాలును. సభ యనినంతనే వయొలినువా రెవరు, మృదంగమువా రెవరు, రాత్రి తిరిగి వచ్చుటకు బండి యేది, వారితో మన పిల్ల పోవుట యెట్లు అను ప్రశ్నలు పుట్టును. పాల్ఘాట్ మణి అయ్యరు వంటి మహావిద్వాంసుడు సైతము చిరకాలము స్త్రీల గానమునకు మృదంగము వాయింపక యుండి, పిమ్మట డి. కె. పట్టమ్మాళ్ గారికి వాయించెను. అంతటి విదుషికే వేచియుండుట తప్పలేదనిన, చేబ్రోలులో గిటారు వాయించు నొక పిల్లమాట వేఱుగ చెప్పవలయునా?

ఆ పిల్ల మా ఆడుబిడ్డ. ఇరువదిమూడేండ్లది. గుంటూరులో చదువుకొనునాడు ముగ్గురు సహపాఠులతో గూడి వాయించెడిది. చదువు ముగిసినంతనే వారిలో నిద్దఱు హైదరాబాదునకు, ఒకడు బెంగుళూరునకు ఉద్యోగములకు పోయిరి. ఈమె యింటికి వచ్చి పిల్లలకు లెక్కలు చెప్పుచున్నది. గుంటూరులో మఱియొక బృందము పిలిచినది గాని, వారి సాధన రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట. మా అత్తగారు వలదనిరి. ఆవిడను నేను తప్పుపట్టను. ఆ వేళకు ఒంటరిగా వచ్చు ఆడుపిల్లకై వాకిట నిలుచువారికే ఆ భయము తెలియును. కాని ఆ పిల్ల నాలుగు మాసములు గిటారు పెట్టెను తెఱవలేదు. పెండ్లిమాటలకు వచ్చిన బంధువులు "ఆ పెట్టె అటకమీద పెట్టించండి, చూచేవారికి బాగుండదు" అనినప్పుడు సైతము కిమ్మనలేదు. ఎదురాడు పిల్ల యూరకుండుట నాకు నచ్చలేదు.

ఒకనాడు మా యింటికి చిన్న పార్సెలు వచ్చెను. ట్యూషను రూపాయలు కూడబెట్టి తెప్పించుకొన్నదట. మా పోపులపెట్టెకంటె చిన్నది, బరువైనది, పైన నొక తొక్కుడుమీట. లూప్ పెడల్ అందురు. గిటారునుండి వచ్చు తీగ దీనిలోనికి, దీని తీగ స్పీకరులోనికి. మీట నొకమాఱు త్రొక్కిన, వాయించుదానిని పట్టుకొనుట మొదలిడును. రెండవమాఱు త్రొక్కిన, పట్టినదానిని మొదటినుండి మరల మరల వినిపించును. మూడవమాఱు త్రొక్కి వాయించినచో అది మొదటిదానిపై పొరగా చేరును. ఇట్లు పూతరేకు మడతలవలె ఒకదానిపై నొకటి వేసికొనుచు పోవచ్చును. చివరి పొర చెడినచో దాని నొక్కదానినే తీసివేయవచ్చును, క్రిందివి నిలుచును. నా కన్నిటికంటె నచ్చినది ఈ సదుపాయమే.

వినుటకు సులభము, చేయుటకు కాదు. మొదటి వారమంతయు మా యింట నొక కుంటిగుఱ్ఱము పరుగెత్తినట్లుండెను. ప్రతి చుట్టు తుదను చిన్న కుదుపు. "దాని కాలికి కట్టైనా కట్టవే" యని మా అత్తగారు వంటింటినుండి కేకవేసిరి. పిల్లకు కారణము తోచలేదు. నాకు గిటారు తెలియదు గాని మా నాయనగారు అమరము, పంచకావ్యములతోపాటు తాళము కూడ చేతితో వేయించి నేర్పియుండిరి. ఆమె వాయించుచుండగా నేను తొడపై ఆదితాళము వేసితిని. అంతట తెలిసినది. చరణము ముగిసినదని తలచి, తుది యక్షరము మోగినంతనే త్రొక్కుచున్నది. ఆవృత్తము అక్కడ ముగియదు గదా! ఎనిమిదవ యక్షరము తన కాలమంతయు నిండి, మరల సమము వచ్చునప్పుడే త్రొక్కవలయును. ముగింపు మీటయు, రెండవ యావృత్తపు మొదటి దెబ్బయు ఒక్క క్షణమే. "అయితే వదినా, ఆగడానికి కాదు, మొదలుపెట్టడానికి తొక్కాలన్నమాట!" అని ఆమె యన్నది. ఆనాటితో కుంటు పోయినది.

సాధనక్రమము కూడ మేమిరువురము కూర్చుకొంటిమి. ముందు ఒక యావృత్తము పట్టకుండ ఊరక వాయించవలయును. అప్పుడు పాదమునకు తొందర యుండదు. మొదటి పొరగా గిటారు చెక్కపై అఱచేతితో మృదంగపు తొప్పివలె మెల్లగా కొట్టుట; రెండవది మందరపు తీగలపై నాలుగు స్వరములు; మూడవది తీగలన్నిటిని కలిపి మీటుట. అంతకు మించిన గందరగోళము. పిమ్మట పాట. పొరలు వేయుటకే రెండు నిమిషములు పట్టినచో వినువారు వంటకై పొయ్యి ముందు కూర్చున్నవారివలె ఆవులింతురు. కావున చప్పున వేసి, పాట నందుకొనవలయును. నడుమ ఒక పొరను ఆపి మరల తెచ్చినచో వినుట కింపు.

ఈ యూహ నేటిది కాదు. 1970లలో ఫ్రిప్ అను ఆంగ్లేయ గిటారువాద్యకారుడు రెండు టేపు యంత్రములను దూరముగా నుంచి ఒకే టేపును రెండింటిగుండ పోనిచ్చెడివాడు. మొదటిది పట్టినది రెండవదానిలో వినవచ్చి, మరల మొదటిదానిలో చేరును. యంత్రముల నడుమ దూరము పెరిగినకొలది ప్రతిధ్వని యాలస్యమగును. ఆ గదినిండిన సామగ్రియే క్రమముగా కాలిక్రింద పట్టునంత యైనది. 2001లో జపాను బాస్ సంస్థవారి లూప్ స్టేషను వచ్చెను. 2004లో స్కాట్లండు గాయని కె.టి. టన్‌స్టాల్ బి.బి.సి. వారి కార్యక్రమమున ఒంటరిగా నిలిచి, ఇట్టి లూప్ పెడల్‌తో తన పాటను తానే పొరలుగా కట్టి పాడి పేరుపొందెను. ఎడ్ షీరన్ అను నతడు 2025 ఫిబ్రవరి 2వ తేదీన హైదరాబాదు రామోజీ ఫిలింసిటీలో పాడినప్పుడు మా పిల్ల సెల్‌ఫోనులో ఆ దృశ్యములను పదేపదే చూచెను. నా చూపు పాటపై గాక అతని పాదముపై నిలిచెను. అదే నెలలో అతడు బెంగుళూరున శిల్పారావుతో గూడి మన 'చుట్టమల్లే' పాడినందుకు మా అత్తగారు సైతము అతనిని కొంత మన్నించిరి.

ఒక్కరే పలువురగుట మనవారికి వింత గాదు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) రెండు చేతులను, రెండు పాదములను, శిరస్సును వేర్వేఱు తాళములకు నడిపెడివారని పెద్దలు చెప్పుదురు. బుఱ్ఱకథకుడు భుజమున తంబుర, చేత అందెలు, కాళ్ల గజ్జెలతో తానే సగము మేళము. మా ఊరికిని ఈ విద్యలు క్రొత్తవి గావు. కాకతి గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని ఇచ్చట తండ్రి పేర చోడేశ్వరాలయము కట్టించినవాడు, క్రీ.శ. 1253-54లో సంస్కృతమున నృత్తరత్నావళి రచించినవాడు. ఏనుగుల నడుమ నుండియు పాదపు దెబ్బను లెక్కించిన వాని ఊరిలో పాదముతో మీట త్రొక్కు పిల్లను చూచి నవ్వువారికి నే నీమాటయే చెప్పుదును.

అయినను యంత్రముపై నా ఫిర్యాదు నాకున్నది. అది వినదు. మృదంగగాడు పాటవారి మొగము చూచును. ఊపిరి చాలనప్పుడు కాచుకొనును. సంగతి బాగుండిన తల యూపును. ఈ పెట్టె అలసిన పిల్లకొఱకు అరక్షణము నిలువదు. పక్కవాద్యముండదు గాని బానిసత్వ ముండునేమో యని నా శంక.

మొన్నటి మాఘమాసమున తెనాలిలో మా దగ్గఱి బంధువుల పెండ్లి. విందువేళ అమ్మాయి వాయించునని మావారు మాట యిచ్చివచ్చిరి. మూడవ పాట నడుమ కరెంటు పోయెను. స్పీకరు, పెడలు, అది కట్టిన మేళమంతయు ఒక్కమాఱే మౌనము. పొరల జ్ఞాపకము సైతము పోయినది. పిల్ల తల యెత్తి నా వైపు చూచెను. నేను మొదటి వరుసలో కూర్చుండి చేతితో తాళము వేయుచునే యుంటిని. గిటారు నెత్తి యొడిలో సర్దుకొని, ఉత్త తీగలతోనే వాయించెను. దూరముననున్న వారికి వినబడలేదు. అందుచేత పిల్లలు, ముసలమ్మలు కుర్చీలు జరుపుకొని దగ్గఱకు వచ్చిరి. జనరేటరు పనిచేయుటకు అయిదు నిమిషములు పట్టెను. దీపములు వచ్చిన పిమ్మట కూడ ఆమె ఆ పాటను పెడలు త్రొక్కకయే ముగించి, తరువాతి పాటకు మాత్రము త్రొక్కెను.

బాపట్ల నుండి మఱియొకరు పిలిచిరి. మేళమువారి ఖర్చు లేదు గావున కట్నము తక్కువ చేసికొనుమనిరి. నలుగురి పని చేయుదానికి ఒకరి సొమ్మేమని మావారు బేరము త్రిప్పివేసిరి. "ఒక్కతె వాయిస్తుంది సరే, ఒక్కతె ఎలా వెడుతుందే అమ్మాయీ?" అని అత్తగారు నన్నడిగిరి. నేను వెళ్లుచున్నాను. ఆనాడు మావారికి పరీక్షపత్రములు దిద్దు పని యున్నది. ఉదయమే పులిహోర కలిపి పెట్టి, పెరుగు తోడుపెట్టి పోదుము.