గేటుగది నుంచి హైకోర్టు దాకా

ఆగస్టు 3, గుంతకల్లు

హంపన్న స్మారకం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. 1893 అక్టోబరులో ఇద్దరు ఆడవాళ్ల వెంట తెల్ల సోల్జర్లు పడితే, రైల్వే గేటు కాచే హంపన్న వాళ్లను తన గేటుగదిలోకి పంపి తాను అడ్డం నిలబడ్డాడు. వాళ్లలో ఒకడు పేల్చిన తుపాకీ గుండుకు ప్రాణం పోయింది. ఎవరూ చెప్పకుండానే తనకు తోచిన న్యాయం తాను చేశాడు.

ఆగస్టు 4, రైల్లో

గుత్తి కోట కొండ కిటికీ నిండా కనిపిస్తోంది. కేశవ పిళ్లె వకీలుగా ఉన్నది ఈ గుత్తిలోనే. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సభకు వెళ్లారు, హిందూ పత్రికకు రాసేవారు. హంపన్న చావును పదిమందిలో పెట్టింది ఆయనే. విచారణ మాత్రం మద్రాసు హైకోర్టులో. తాడిపత్రి, కడప, రేణిగుంట మీదుగా ఈ దారినే సాక్షులు పోయి ఉంటారు. చేను, గొడ్డు ఎవరికి అప్పజెప్పి పోయారో!

ఆగస్టు 5, చెన్నై

హైకోర్టు ఎర్ర ఇటుక పని చూస్తే చూపు తిప్పుకోలేం. బ్రాసింగ్టన్ గీసిన ప్లానును హెన్రీ ఇర్విన్ పూర్తిచేశాడు. 1892 జూలై 12న తెరిచారు. అంటే మన కేసు వచ్చేసరికి కొత్త కట్టడమే. ఒక తోరణం అంచు తడిమి చూశాను. ఇటుకలను ఎంత ఒద్దికగా పేర్చారంటే అతుకులో గోరు కూడా దూరదు. పెద్ద గుమ్మటం మీద దీపం 1894 జూన్ నుంచి ఓడలకు దారి చూపింది. 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ పేల్చిన గుండుకు గుర్తుగా ఫలకం ఉంది. జడ్జి ముత్తుస్వామి అయ్యర్ విగ్రహం ఉంది. హంపన్న పేరు నాకెక్కడా కనబడలేదు. ఆ సోల్జరును నిర్దోషి అని వదిలేసింది ఈ కోర్టే. ఇంత అందంగా కట్టిన చోట ఆ తీర్పు వచ్చిందని తలచుకుంటే కడుపు మండింది.

ఆగస్టు 8, అనంతపురం

ఆ సాక్షులకు లాగే సీమవాళ్లకు హైకోర్టు ఇప్పటికీ దూరమే. రాజధానో హైకోర్టో, ఏది కావాలో రాయలసీమవాళ్లే కోరుకోవచ్చని 1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, 1954లో గుంటూరుకు హైకోర్టు వెళ్లింది. 1956లో రెండూ హైదరాబాదు చేరాయి. 2019 నుంచి హైకోర్టు అమరావతి రాజధాని ప్రాంతంలోని నేలపాడులో ఉంది. సీమలో ఒక హైకోర్టు బెంచి కూర్చోవాల్సిందే, ఈ మాట ఎక్కడైనా గట్టిగా చెబుతాను. చెనిక్కాయ పంట ఎండిపోయిన రైతు భూమి తగాదా మీద అప్పీలుకు పోవాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. తీరా వెళ్లాక వాయిదా పడిందంటారు. వకీలు ఫీజు సంగతి తర్వాత, ముందు రానూపోనూ ఛార్జీలకు అప్పు పుట్టాలి.