అలలు లేని సముద్రము

సముద్రమన్నంతనే మీ మనస్సులలో నేమి స్ఫురించునో నే నెఱుగను. నాకు మాత్రము మొదట స్ఫురించునది భయము. నా పుట్టినిల్లు భీమునిపట్టణము. నాకు తొమ్మిదేండ్ల వయసున నా తమ్ముని ఒక అల లోనికి లాగికొనిపోగా, ఒడ్డున వలలు చిక్కుదీయుచున్న పల్లెవాడొకడు దూకి వానిని వెలికి దెచ్చెను. నాటినుండి మా యమ్మ మమ్ము నీటిదరికి పోనిచ్చినది కాదు. కార్తీక పూర్ణిమనాటి సముద్రస్నానము సయితము చీలమండల లోతున నిలిచి, చెంబుతో నీరు నెత్తిపై బోసికొనుటతో ముగియుచుండెను. ఇట్లు సముద్రపుటొడ్డున పుట్టి పెరిగియు, అరువదియేండ్లు నిండువఱకు నేను సముద్రములో దిగి యెఱుగను.

అట్టి నేను గత జూలై మాసమున డెన్మార్కు దేశపు రాజధానియగు కోపెన్‌హేగన్ నగరమున గాపురమున్న మా యమ్మాయి యింటికి బోయితిని. ఆమెకు ఆరేండ్ల కుమారుడును, రెండేండ్ల కూతురును గలరు. ఒక యాదివారము ప్రొద్దుట, “అమ్మా, నేడు పిల్లలను సముద్రమునకు దీసికొని పోవుదము” అని యామె యనగానే నా గుండె జల్లుమన్నది. “ఈ పసివాండ్రనా?” అంటిని. “నీవు వచ్చి చూడుము. నీకు నచ్చనిచో వెంటనే తిరిగి వత్తము” అని యామె నవ్వెను.

మేము పోయిన తీరము పేరు అమాగర్ స్ట్రాండ్‌పార్క్. అమాగర్ అనునది నగరమును ఆనుకొనియున్న ద్వీపము. నగర మధ్యమునుండి చోదకుడు లేకయే నడచు మెట్రో రైలులో పావుగంట లోపల నచటికి జేరవచ్చును. తోపుడుబండిలో పిల్ల నిద్రించుచుండగనే బండితోగూడ రైలెక్కితిమి, దిగితిమి. స్టేషనునుండి కొలది నిమిషములు నడచినంతనే నీరు గనబడెను. ప్రవేశమునకు రుసుము లేదు.

ఒకప్పుడు నగరములోని మురికినంతయు అమాగర్ ద్వీపమునకే తరలించెడివారట. అందువలన ప్రజలు దానికొక హేళన నామమును గూడ బెట్టియుండిరి. 1934లో నచట జనులకొఱకు స్నానతీరము నేర్పఱచిరి. తరువాత 2005లో ఆ తీరమున కెదురుగా, సముద్రములో ఇసుక బోసి, రెండు కిలోమీటర్ల పొడవున నొక క్రొత్త దీవిని నిర్మించి, వంతెనలతో గలిపిరి. పాత యొడ్డునకును క్రొత్త దీవికిని నడుమ జిక్కిన నీరు విశాలమైన మడుగైనది. దీవి వెలుపలి ప్రక్కను గాలి, అల, లోతు గలవు. ఈతగాండ్రు అచటికి బోవుదురు. లోపలి మడుగులో అల లేదు. పిల్లలును, తల్లులును, వృద్ధులును ఇచట దిగుదురు. సముద్రమును మార్చ వీలులేదు గాని, అందులో నొక భాగమును పిల్లలకు దగినట్లు చేయుట వీలగునని ఆ నగరవాసులు నిరూపించిరి.

ప్రకృతియు వారికి గొంత తోడైనది. ఆ జలసంధి పేరు ఓరెసుండ్. అచట ఆటుపోటుల భేదము జానెడు గూడ నుండదు. బాల్టిక్ సముద్రమునుండి వచ్చు నీటిలో నదీజలము మెండు గావున ఉప్పదనము మన సముద్రమున కంటె మిక్కిలి తక్కువ. కాని నీరు చల్లన. నడివేసవియందును మన పుష్యమాసపు నూతినీటి కంటె చల్లగనే యుండును.

ఇసుకపై దుప్పటి పఱచికొని చుట్టును జూచితిని. ఎదుట దూరమున స్వీడను దేశపు టొడ్డు. దక్షిణమున 2000 సంవత్సరమున దెఱచిన పొడవైన వంతెన. ఉత్తరమున నీటిలో వంపుగా నిలిచిన ఇరువది గాలిమరలు. ఆ మరలలో సగము సామాన్య గృహస్థుల సహకార సంఘమునకు జెందినవట. ఒకచోట నీటిలో స్తంభములపై గట్టిన కొయ్య స్నానశాల గలదు. దాని పేరు హెల్గోలాండ్. అందు స్త్రీలకు వేఱుగను, పురుషులకు వేఱుగను, ఉభయులకు గలిపియు స్థలములున్నవి. ఈత బట్టలు గట్టినవారి నడుమ మా చీరలను వింతగా జూచినవా రొక్కరును లేరు.

మా మనుమడు నీటిలోనికి బరుగిడెను. నేను కేక వేసితిని. వాడు చాల దూరము పోయి నిలిచి, వెనుదిరిగి, “అమ్మమ్మా, నడుమువఱకే యున్నది, రా!” అని పిలిచెను. ఆ దేశమున బడి పిల్లలకు ఈత నేర్పుట చదువులో భాగము. వాడు నీటిని జూచి బెదరడు. కాని రక్షకులెగురవేయు ఎఱ్ఱజెండా కనబడినచో దిగరాదని చక్కగా నెఱుగును. నేను బెదరితిని గాని యేమియు నెఱుగను. భయమును జాగ్రత్తయు నొక్కటి గావని నాకానాడు దోచెను.

కొంగు బిగించి, మా యమ్మాయి చేయి పట్టుకొని దిగితిని. మోకాళ్ళు మునిగినవి, తరువాత నడుము మునిగినది. కాళ్ళక్రింద ఇసుక కదలలేదు. ఏ అలయు నన్ను లాగలేదు. కన్నీరు వచ్చినది, చలివలన ననుకొని మా యమ్మాయి తువాలు దెచ్చెను. మా తమ్ముని నొడిలో నుంచుకొని నాడు వణకిన మా యమ్మ నాకు గుర్తువచ్చినదని యామెకు జెప్పలేదు.

రాత్రి తొమ్మిదిన్నర దాటిన పిమ్మటగాని ప్రొద్దు గ్రుంకలేదు. మేము తెచ్చికొన్న పులిహోర తిని, పిల్లలకు పొడిబట్టలు గట్టి యిల్లు చేరితిమి. అచటికి బోవువారు వేసవియందైనను ఉన్నిచొక్కాలు మఱువరాదు.

శుభ్రతయు భద్రతయు గల తీరములకు నీలిజెండా నొసగు అంతర్జాతీయ సంస్థ కోపెన్‌హేగన్ నందే యున్నది. 2020లో మా భీమిలికి సమీపమున గల ఋషికొండ తీరమునకును ఆ జెండా లభించినది. సంతోషమే. కాని బంగాళాఖాతపు టలలు ఆ మడుగువంటివి కావు. వానిలో దిగుడని నేను మీకు జెప్పను. మన యాడుపిల్లలకు కొలనులోనైనను ఈత నేర్పింపుడని మాత్రము చెప్పుదును. “నీటిదరికి పోకు” మను మాట మా యమ్మ నాకిచ్చినది. నేను మా యమ్మాయికిచ్చితిని. ఆమె తన కూతునకు దానిని ఇయ్యలేదు. ఆ రెండేండ్ల పసికందు మడుగు అంచున గూర్చుండి, రెండు చేతులతో నీటిని చఱచుచు నవ్వుచుండగా జూచితిని. అందులకు నాకేమియు విచారము లేదు.